మంటకు ముందు గాలి

పౌడర్ కోటింగ్ షెడ్డు. పొద్దున్నే ఓవెన్ ఆన్ చేశారు. ఫ్యాన్ తిరిగింది, టకటకమని స్పార్క్ పడింది, భగ్గుమని మంటా వచ్చింది. మూడు సెకన్లు... అంతే, ఆరిపోయింది. పెట్టె మీద ఎర్రలైటు!

'అన్నా, మళ్లీ లాకౌటైంది' అన్నాడు కుర్రాడు.

'రీసెట్ కొట్టరా' అన్నాడు అన్న.

మళ్లీ మంట, మళ్లీ ఎర్రలైటు. జీడిమెట్ల నుంచి బెజవాడ ఆటోనగర్ దాకా బర్నర్ ఉన్న ప్రతి షెడ్డుకీ తెలిసిన కథే ఇది. మంట కనిపించి ఆరితే కొంత నయం. అసలు మంటే రాకుండా రీసెట్ మీద రీసెట్ కొడుతుంటేనే ప్రమాదం. కొట్టిన ప్రతిసారీ కాస్త గ్యాసో, డీజిలో కాలకుండా లోపలికి పోతుంది. గాలిలో ఎల్పీజీ రెండు శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

అందుకే బర్నర్ కంట్రోలర్ ముందు ఫ్యాన్‌నే తిప్పుతుంది. లోపల మిగిలిన గ్యాస్‌ను బయటికి ఊదేస్తుంది. దీన్నే పర్జ్ అంటారు. ఎంతసేపు ఊదాలి? ఓవెన్లకు అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 86 ప్రకారం లోపలి గాలి కనీసం నాలుగు సార్లు మారాలి. ఓవెన్ 12 ఘనపు మీటర్లు, ఫ్యాన్ నిమిషానికి 20 ఘనపు మీటర్లు ఊదుతుందనుకుంటే... 48ని 20తో భాగించాలి. రెండు నిమిషాల 24 సెకన్లు! 'అంతసేపెందుకు, టైం వేస్టు' అని 30 సెకన్లు పెట్టేస్తే పోయేది పది ఘనపు మీటర్లే. ఒక్కసారి కూడా పూర్తిగా మారనట్టు.

గాలి సంగతి తేలాక స్పార్క్, ఆ వెంటనే గ్యాస్ వాల్వ్. మూడు నుంచి అయిదు సెకన్లలోపు మంట రుజువు కావాలి. లేదంటే వాల్వ్ మూసుకుంటుంది. మరి పెట్టెకు కళ్లున్నాయా? ఉన్నాయనే చెప్పాలి! మంటలో అయాన్లు ఉంటాయి కాబట్టి దాని గుండా కరెంటు పారుతుంది. మంటలో పెట్టిన సన్నటి రాడ్డుకు ఏసీ కరెంటు ఇస్తారు. రాడ్డు చిన్నది, బర్నర్ ఒళ్లు పెద్దది. అందుకని కరెంటు ఒకవైపే ఎక్కువగా పారి డీసీలా మారుతుంది... అదీ కొద్ది మైక్రో ఆంపియర్లే. తడి వల్లో, మసి వల్లో లీకైన కరెంటు రెండు వైపులా పారుతుంది గనుక పెట్టె దాన్ని మంట అనుకోదు.

ఇదంతా అతిజాగ్రత్త అనిపిస్తే 1999 ఫిబ్రవరి 1 గుర్తు చేసుకోవాలి. అమెరికాలోని డియర్‌బార్న్‌లో ఫోర్డ్ రూజ్ విద్యుత్ కేంద్రం. వార్షిక తనిఖీ కోసం ఆపుతున్న బాయిలర్‌లో సహజవాయువు చేరి పేలింది. ఆరుగురు చనిపోయారు.

మంట నిలిచాక టెంపరేచర్ కంట్రోలర్ వంతు. ఇక్కడ తప్పు చప్పుడు చేయదు. ఓవెన్‌లో ఉన్నది కె టైపు థర్మోకపుల్, మెనూలో ఎంచుకున్నది జె టైపు అనుకోండి. డిస్‌ప్లే బుద్ధిగా 200 చూపిస్తుంది. లోపల మాత్రం 260 దగ్గర్లో ఉంటుంది! తెల్లరంగు తలుపులు పసుపెక్కుతాయి. యజమాని పౌడర్ సప్లయర్ మీద కేకలేస్తాడు, పాపం. వైర్ల రంగులు ఇంకో తంటా. అమెరికా పద్ధతిలో కె టైపుకు పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఎరుపంటే ప్లస్సే కదా అని తిప్పి బిగిస్తే ఓవెన్ వేడెక్కేకొద్దీ డిస్‌ప్లే తగ్గుతుంది, బర్నర్ ఆగనే ఆగదు.

కరెంటు హీటర్ల అలవాటు కూడా బర్నర్‌కు పనికిరాదు. హీటర్‌ను రెండు సెకన్లకోసారి ఆపి వెలిగించొచ్చు. బర్నర్ ఆరితే మళ్లీ రెండున్నర నిమిషాలు ఊదాల్సిందే. కాబట్టి 200కి ఆరి, 195కి వెలిగేలా తేడా ఉంచాలి. డబ్బుంటే మంటను పెంచి తగ్గించే బర్నర్ మేలు. థర్మోకపుల్ తెగితే రీడింగ్ పైకి పోయి బర్నర్ ఆగేలా సెట్ చేయాలి. వీటన్నిటి పైన, సొంత సెన్సరుతో విడిగా ఓ హైలిమిట్ ఉండాలి. మొదటి కంట్రోలర్ సెన్సరే దానికీ ఇస్తే పెట్టినా పెట్టనట్టే.

షెడ్డులో మూడో రీసెట్ తర్వాత అన్నకే అనుమానం వచ్చింది. గ్యాస్ కట్టేసి, మెయిన్ ఆపి, రాడ్డు విప్పించాడు. దానినిండా మసి. బర్నర్ ఎర్త్ వైరు కూడా వదులైంది. కుర్రాడు ఎమెరీ పేపర్‌తో రుద్ది, వైరు బిగించి, ఆన్ చేశాడు. ఫ్యాన్ తిరిగింది. 'ఇంకా వెలగలేదేంటన్నా?' అన్నాడు అర నిమిషానికే.

'ఊదనీరా' అన్నాడు అన్న.