డిస్కులో ఉందిలే!

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఓ కంప్యూటర్ల సంత ఉంది. జనం నోట సీటీసీ. అందులో ఇద్దరు నిలబడితే మూడోవాడు గుమ్మం బయటే ఆగాల్సినంత కొట్టు ఒకటి. పాతికేళ్ల కుర్రాడు మా హార్డ్ డిస్కుకి వైరు తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల్నుంచి టిక్... టిక్... టిక్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టిక్. మా ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు గొట్టం పెట్టుకుని కళ్లు మూసుకున్నట్టే ఇతనూ కళ్లు మూసుకున్నాడు.

"కిందపడ్డదా సార్?"

"లేదు బాబూ. బీరువాలోంచి తీస్తే కదా పడటానికి."

"ఎన్నేండ్ల సంది తియ్యలే?"

"తొమ్మిదేళ్లయింది."

కళ్లు తెరిచి నా వైపు చూశాడు. "బీరువాల పెడితే భద్రంగ ఉంటదనుకుంటరు సార్ అందరు. ఇదేమన్న బంగారమా?"

అందులో ఉన్నది మా చెల్లెలి పెళ్లి. మూడు రోజుల ఫోటోలు, వీడియోలు. అమ్మ దాన్ని పాత దిండు గలీబులో చుట్టి, పట్టుచీరల మధ్య, కలరా ఉండల వాసనలో పెట్టింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఏ ఫోటో అడిగినా ఒకటే జవాబు: "డిస్కులో ఉందిలే." ఆ మాటతో అడిగినవాళ్లకీ తృప్తి, చెప్పినవాళ్లకీ తృప్తి. గత నెల నాన్న సంవత్సరీకం వచ్చింది. పటం కట్టించడానికి ఆయన నవ్వుతున్న ఫోటో ఒక్కటీ దొరకలేదు. పెళ్లిపంక్తిలో పప్పు గరిటె పట్టుకుని నవ్వుతున్నది ఒకటుండాలని అందరికీ గుర్తు. అప్పుడు తీశాం దాన్ని.

"ఇంట్ల ఎన్నిసార్లు పెట్టి తీసిన్రు?"

"ఓ పది పన్నెండు సార్లు."

నాలుక చప్పరించాడు. "గట్ల చేయొద్దు సార్. కొట్టుకున్నకొద్ది గీతలు పడ్తయి."

బల్ల మీద పై మూత తీసేసిన చచ్చిపోయిన డిస్కు ఒకటి బిల్లులు ఎగిరిపోకుండా బరువుగా పెట్టి ఉంది. అద్దంలా మెరిసే పళ్లెం, దాని మీదికి చాచిన సన్నని చెయ్యి. చూడ్డానికి గ్రామఫోను పెట్టెకి మనవడిలా ఉంటుంది. కాకపోతే గ్రామఫోను ముల్లు పళ్లేన్ని రాసుకుంటూ పోవాలి, ఇక్కడ రాసుకుంటే కొంప మునిగినట్టే. మా డిస్కు రకానివి నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకు తొంభై. ఆ వేగానికి పుట్టే గాలిపొర మీద హెడ్డు కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంటుంది. తల వెంట్రుక మందాన్ని పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత కూడా ఉండదు ఆ ఎడం. దాని ముందు దుమ్ముకణం ఒక కొండ. పళ్లెం మీద తన దారి తెలిపే గుర్తుల్ని హెడ్డు చదవలేకపోతే వెనక్కి వచ్చి మళ్లీ వెతకబోతుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. అప్పుడు చెయ్యాల్సిన పని ఒక్కటే, కరెంటు తీసెయ్యడం. మనం చేసేది మాత్రం ఇంకో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి చూడటం.

1956లో ఐబీఎం తన రామాక్ యంత్రంతో తొలి హార్డ్ డిస్కుని తెచ్చినప్పుడు దానికి రెండడుగుల వ్యాసం ఉన్న పళ్లేలు యాభై. బరువు సుమారు టన్ను. అంతా కలిపితే పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ్టి ఫోనుతో తీసిన ఫోటో అందులో ఒకటి పడితే గొప్ప. అక్కణ్నుంచి జేబులో పట్టే పెట్టెలో రెండు లక్షల ఫోటోల దాకా వచ్చాం. ఆ దారిలో ఒక మలుపు 1988లో కనుక్కున్న జీఎంఆర్ అనే అయస్కాంత ప్రభావం. ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్‌లకు దానికి 2007లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇంత మేధస్సు పోసి చేసిన వస్తువుని మనం దిండు గలీబులో చుట్టి పెట్టాం.

నేను ఆలోచిస్తుండగానే ఒకాయన దూసుకొచ్చాడు. నిన్న కొన్న ఒక టెరాబైటు డిస్కు కంప్యూటర్లో 931 జీబీయే చూపిస్తోందట, మిగతాది ఎవరు మింగారని గొడవ. ఎవరూ మింగలేదు. చేసేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1,024 లెక్కన కొలుస్తుంది. ఒక ఊరి మానిక ఇంకో ఊళ్లో తవ్వెడు తక్కువైనట్టు. కుర్రాడికి ఇది రోజూ ఉండే భాగవతమే కాబోలు, తలెత్తకుండానే వివరించాడు.

నా వంతు మళ్లీ వచ్చింది. "హెడ్ పోయింది సార్. గిదే మోడల్, గిదే బ్యాచ్ డిస్కు ఇంకోటి దొరకాలె. దాన్నించి హెడ్ తీసి దీనికెయ్యాలె. దుమ్ములేని గదిల చెయ్యాలె. పద్దెనిమిది వేలు. డేటా వస్తెనే పైసలు." డిస్కు కొన్నది నాలుగు వేల చిల్లరకి. ఒప్పుకున్నాను.

నాకు కోపం ఉన్నది డిస్కు మీద కాదు. ఏదో ఒకనాడు పోవడం దాని స్వభావం. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ కంపెనీ ఏవి ఎన్ని పోయాయో క్రమం తప్పకుండా ప్రకటిస్తుంది. ఏటా నూటికి ఒకటో రెండో పోతుంటాయి. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి తేల్చిందేమంటే, పోయినవాటిలో మూడో వంతుకు పైగా ముందు ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. కనుక "మొన్నటిదాకా బాగానే ఉందండీ" అనేది సాక్ష్యం కింద చెల్లదు.

కోపం ఆ "ఉందిలే" మీద. ఇవాళ ఏ ఊళ్లో పెళ్లయినా ఫోటోగ్రాఫరు ఒక మాటంటాడు, "సార్, హార్డ్ డిస్కు తెచ్చుకోండి, రా డేటా వేసిచ్చేస్తా." వేసిచ్చాక తన దగ్గరున్నది చెరిపేసుకుంటాడు, వచ్చే ముహూర్తాలకు చోటు కావాలి కదా. అతని తప్పూ లేదు. కానీ లక్షలు పోసి డ్రోన్లు ఎగరేయించిన పెళ్లి ఆ క్షణం నుంచి ఒకే ఒక్క పెట్టెలో ఉంటుంది. భోజనాల దగ్గర ఇంకో స్వీటు పెట్టించే ఖర్చుకి రెండో డిస్కు వస్తుంది. ఏ పెళ్లివారూ కొనరు, ఏ ఫోటోగ్రాఫరూ అడగడు. అడగాలంటాను నేను. బయానా పుచ్చుకునే రోజే "రెండు డిస్కులు" అని రాయించుకోవాలి.

భద్రమంటే ఒక చోట పెట్టి తాళం వెయ్యడమని మనకు ఎవరు నేర్పారో కానీ, పుస్తకాల సంగతిలో మనవాళ్లకి ఆ భ్రమ లేదు. తాటాకుని పురుగు తింటుంది, తడి తింటుంది, మంట తింటుంది. అందుకే ప్రతి రాయించేవాళ్లు, అది శిథిలమయ్యేలోగా దానికింకో ప్రతి. మన భాషలో నకలుకి "ప్రతి" అనే పేరుండటం, ఆ మాటకే "ఒక్కొక్కటీ" అనే అర్థం కూడా ఉండటం నాకు భలే ఇష్టం. సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి కావ్యాలను పోల్చి రాయించగలిగాడంటే, ఒక్కో కావ్యానికి నాలుగు ఊళ్లలో నాలుగు ఇళ్లలో ప్రతులుండబట్టే. ఎవరి ఇంటిదీ పూర్తిగా బాగుండదు. ఒకరి దాంట్లో చెదలు తిన్న పద్యం ఇంకొకరి దాంట్లో దొరుకుతుంది. రైతు విత్తనం సంగతీ అంతే. గాదెలో ఏళ్ల తరబడి ఉంచితే మొలకెత్తదు. ఏటా వెయ్యాలి, పక్కవాడికీ ఇన్ని పొయ్యాలి. మనది పోయిన ఏడు వాడి దగ్గర ఉంటుంది.

నిన్నమొన్నటి ముచ్చటే చూడండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి పూనికతో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకం వచ్చింది. మన దేశంలో దాని రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. ఎక్కడా దొరకని తెలుగు పుస్తకాలు వేలు తెర మీదికొచ్చాయి. తలకిందుల పేజీలు, ఇంగ్లీషు లిపిలో తప్పుల తడకగా పేర్లు, అది వేరే కథ. కాపీరైటు చిక్కులొచ్చి 2017 ప్రాంతాల ఆ సైటు మూతపడింది. ఇవాళ ఆ పుస్తకాలు చదువుతున్నామంటే కార్ల్ మలమూద్ అనే అమెరికన్ వాటిని లక్షల్లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి పెట్టబట్టే.

దీనికి ఎదురు కథ దక్షిణ కొరియాది. అక్కడి ప్రభుత్వం ఉద్యోగులకు ఫైళ్లు ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకోవద్దు, అందరూ జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లోనే పెట్టండని చెప్పింది. మంచి ఉద్దేశమే. 2025 సెప్టెంబర్ 26న డెజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. బయట రెండో ప్రతి లేదు, అంత పెద్దదానికి ప్రతి తియ్యడం కష్టమన్నారు. సాంకేతికంగా ప్రపంచానికే పాఠాలు చెప్పగల దేశం కూడా చివరికి మా అమ్మలాగే బీరువాలో పెట్టుకుంది.

క్లౌడ్ ఉంది కదా అంటారు. క్లౌడంటే ఇంకొకరి డిస్కు, అద్దెకి. పైగా ఫోనులో చెరిపితే అక్కడా చెరిగిపోయే ఏర్పాటునే చాలామంది బ్యాకప్ అనుకుంటున్నారు. రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేయడం మొదలుపెట్టింది. పోయిన పెద్దవాళ్ల ఖాతాలను ముట్టుకునేదెవరు? ఎస్ఎస్‌డీ కొన్నవాళ్లకి ఇంకో మాట. అందులో తిరిగే పళ్లెం లేదు నిజమే, కానీ బాగా వాడి అరగదీసినదాన్ని కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి పక్కన పెడితే అందులోని విద్యుదావేశం నెమ్మదిగా కారిపోతుంది. దాన్నీ బీరువాలో పెట్టకండి.

ప్రతులు ఎన్నున్నా తీరని చిక్కు ఒకటుంది, అది నాకే తగిలింది. 2002 నుంచి ఓ ఆరేళ్లు రాసిన వ్యాసాలన్నీ డీటీపీ చేయించి సీడీల మీద దాచాను. తెలివిగా రెండేసి సీడీలు. మొన్న తెరిస్తే పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు. ఆ రోజుల్లో తెలుగక్షరాలకు కంప్యూటర్లో సొంత చోటు దొరక్క ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో కూర్చోబెట్టేవాళ్లు. ఫాంటు లేకపోతే వ్యాసమంతా కోడిగుడ్డు పగిలినట్టు కామాలు, బాణాలు, పరాయి గుణింతాలు. ఫైలు అక్షరం చెక్కుచెదరలేదు, చదివే దిక్కు లేదు. తిరుమలలో హుండీ ఎదుటి అరలో శతాబ్దాలు నిద్రపోయి లేచిన తాళ్లపాక రాగిరేకులు గుర్తొచ్చాయి. కీర్తన ఉంది, పైన రాగం పేరు ఉంది, ఏ వరసలో పాడారో ఆ స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదలుకొని ఎందరో మళ్లీ వరసలు కట్టాల్సొచ్చింది. నా వ్యాసాలకు అంత పుణ్యం ఎక్కడిది? ఒక డీటీపీ కుర్రాడు యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌తో మార్చిపెట్టాడు, ఒత్తులు నేనే దిద్దుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో రెండు డిస్కులు. ఒకటి ఇక్కడ, ఒకటి రాజమండ్రిలో మా బావమరిది దగ్గర. సంక్రాంతికి వెళ్లినప్పుడు అటుది ఇటు, ఇటుది అటు మారుస్తాం. మూడోది అద్దె క్లౌడ్‌లో. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరు పేరుతో వ్యాపించిన మూడు-రెండు-ఒకటి సూత్రం ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట. దీనికి నేను కలుపుకున్నది ఒక ఆదివారం అలవాటు. ఏదో ఒక ఫోల్డర్లో కళ్లు మూసుకుని నాలుగు ఫైళ్లు తెరిచి చూస్తాను. మా ఆవిడ దీనికి "డిస్కు తద్దినం" అని పేరు పెట్టింది.

సీటీసీ కుర్రాడు మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు. ఆ బ్యాచ్ డిస్కు దొరకలేదట, ఇంకా చూస్తానన్నాడు. ఆ రాత్రే డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. అప్పట్లో వీసా దొరక్క పెళ్లికి రాలేకపోయింది తను. రాలేదు కాబట్టే ఆ మూడు రోజులూ గ్రూపులో ఎవరు ఏది పెట్టినా ఒక్కటీ వదలకుండా దాచుకుందట. "ఇదేనా అన్నయ్యా మీరు వెతుకుతున్నది?" అని కింద రాసింది.

అదే. వాట్సాప్ నలిపేసిన బుల్లి ఫోటో. పెద్దది చేసి అచ్చు వేయిస్తే నాన్న ముఖం గళ్లుగళ్లుగా చెదిరింది, నవ్వు ఉందనే తెలుస్తుంది కానీ పళ్లు లెక్కకు అందవు. ఫ్లాష్ వెలుగంతా గరిటె మీద పడింది. అది మాత్రం, చివర వేలాడుతున్న పప్పు బొట్టుతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది.