ఉప్పు డబ్బా ఎక్కడుంది?

పోయిన వేసవిలో మా అక్కకి ఆపరేషన్ అయితే తోడుగా పది రోజులు విశాఖపట్నంలో ఉండిపోయాను. చోడవరంలో ఇంటి దగ్గర మా ఆయన, ఇరవై మూడేళ్ళ మా అబ్బాయి. రోజుకి ఆరేడు ఫోన్లు. "అమ్మా, గ్యాస్ బుక్ చెయ్యాలంటే ఏ నంబరు?" "పాలవాడికి ఎంతివ్వాలి?" "నా తెల్లచొక్కా ఎక్కడ?" తొమ్మిదో రోజున "ఉప్పు డబ్బా ఎక్కడుంది?" అని అడిగాడు. అంటే ఎనిమిది రోజులూ కర్రీ పాయింట్ కూరలతోనే గడిపారన్నమాట. ఆ డబ్బా పొయ్యి పక్కనే, వాడు పుట్టకముందు నుంచీ ఉంది.

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. వాడికంటే నాలుగేళ్ళు పెద్దదైన మా అమ్మాయి పదేళ్ళకే అన్నం వండేది. ఆరేసిన బట్టలు తెచ్చి ఎవరివి వాళ్ళకి మడతపెట్టేది. "గుంటకి పనులన్నీ ఎంచక్కా నేర్పీసినావు వదినా" అని చుట్టాలంటే పొంగిపోయేదాన్ని. ఆ రోజుల్లోనే వంటింటి చాకిరీ మీద కవితలు రాసి విశాఖ సభల్లో చదివేదాన్ని. నేనక్కడ చదువుతుంటే ఇక్కడ తమ్ముడికి అన్నం పెట్టింది నా కూతురు. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు.

ఇప్పుడు దీనికి కొత్త పేరొచ్చింది, లైఫ్ స్కిల్స్ అని. పిల్లలకి క్రమశిక్షణ, సర్దుకునే అలవాటు, సమయపాలన నేర్పుతామని ప్రైవేటు బళ్ళు కరపత్రాలు వేస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో చెప్పిన జీవన నైపుణ్యాలు పది: నిర్ణయం తీసుకోవడం, సమస్య పరిష్కరించుకోవడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, సహానుభూతి, ఒత్తిడిని తట్టుకోవడం... ఇలా సాగుతుంది ఆ జాబితా. అన్నీ మంచివే. తిన్న కంచం కడగడం మాత్రం అందులో లేదు. సహానుభూతి మీద పాఠం విని వచ్చిన పిల్లాడు కంచం సింకులో పడేసి ఆటకి పోతాడు. ఆ కంచం ఎవరు తీస్తారో ఆ పాఠం అడగదు.

ఆడపిల్లకి ఇల్లు దిద్దుకోవడాన్నే చదువుగా చెప్పడం మనకి కొత్త కాదు. 1883లో వీరేశలింగం స్త్రీల కోసం పెట్టిన పత్రిక పేరు 'సతీహితబోధిని'. 1928లో కె.ఎన్. కేసరి మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక 'గృహలక్ష్మి'. ఆ పత్రికల వల్ల ఆడవాళ్ళకి అక్షరం దగ్గరైందన్న సంగతి నేను కాదనను. అయినా ఇల్లెవరి బాధ్యతో ఆ పేర్లే చెబుతున్నాయి. మగపిల్లలకి ఇల్లు నేర్పడానికి పెట్టిన పత్రిక నా కంట ఒక్కటీ పడలేదు.

ఆ చదువు ఫలితం లెక్కల్లో చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2019 సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టింది 97. 2024 సర్వేలో ఆడవాళ్ళవి 289, మగవాళ్ళవి 88. మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. ఐదేళ్ళలో తేడా ఒక్క నిమిషం కరిగింది. పప్పు నిండుకుందని, రేపు గ్యాస్ అయిపోతుందని, పిల్లకి టీకా తేదీ వచ్చిందని బుర్రలో మోసే లెక్క అసలు ఏ నిమిషాల్లోకి వస్తుంది? 2022లో మా ఊరు విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. కాగితాలన్నీ మారాయి. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే మనిషి మాత్రం మారలేదు.

ఇక్కడ ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెతో సెలవుల్లో ఆమె కూతురూ వచ్చేది. తొమ్మిదేళ్ళ పిల్ల. మా అమ్మాయి గిన్నె కడిగితే నేను దాన్ని నేర్పు అన్నాను. ఆ పిల్ల మా గిన్నెలన్నీ కడిగితే పని అన్నాను. పిల్లలకి పని నేర్పాలని మనం తేలిగ్గా అనేస్తాం. చెరకు కొట్టే కూలీల ఇళ్ళల్లో చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని బడి మానేసిన అక్కకి మనం నేర్పాల్సిన నైపుణ్యం ఏముంది? ఆమెకి కావాల్సింది ఆ పని నుంచి తీరిక.

దీనికి విరుగుడుగా కొందరు మిత్రులు "మా పాపని వంటింటి ఛాయలకే రానివ్వలేదు" అని గర్వంగా చెప్తారు. పాపని తప్పించారు సరే, బాబుకీ నేర్పలేదు. మరి ఆ వంట ఎవరు చేస్తున్నారు? ఇంకెవరి కూతురో. ఒక ఆడపిల్ల విముక్తి ఇంకో ఆడపిల్ల చేతుల మీదుగా జరిగితే దాన్ని స్త్రీవాదం అని నేను అనలేను.

అందుకే నా గొడవ పని నేర్పడం గురించి కాదు, ఎవరికి నేర్పుతున్నామన్న దాని గురించి. మనం మగపిల్లల విషయంలో వాడే మాట కూడా మార్చుకోవాలి. "మావాడు నాకు సాయం చేస్తాడు" అంటాం. తను తినే అన్నం, తను కట్టే బట్ట, తను పడుకునే పక్క. ఇందులో సాయం ఎవరికి? 2024లో కేరళ ప్రభుత్వం మూడో తరగతి పుస్తకంలో తండ్రి కొబ్బరి కోరుతున్న బొమ్మ వేస్తే అది వార్తయింది. తల్లి కోరితే ఎవరికీ వార్త కాదు.

ఊరి నుంచి వచ్చాక నేను డబ్బాలు సర్దలేదు. నెల సరుకుల చీటీ రాయలేదు. రెండు పూటలు ఇంట్లో గొడవైంది. ఇప్పుడా చీటీ మా అబ్బాయి రాస్తున్నాడు, డబ్బాలు తనకి తోచినట్టు సర్దుకున్నాడు. ఇంగువ కావాలంటే నేనే వాణ్ణి అడుగుతున్నాను. ఈ సంగతి ఫోన్లో గొప్పగా చెప్తే మా అమ్మాయి ఒక్కటే అడిగింది: "నాకు పదేళ్ళకి నేర్పావు. వాడికి ఇరవై మూడేళ్ళ దాకా ఎందుకాగావు?" నా దగ్గర జవాబు లేదు.

ఈ పేజీల్లో రాసే మనందరం వంటింటి మీద చాలానే రాశాం. మీ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఈ రాత్రి మీ అబ్బాయిని అడగండి. తర్వాతి వ్యాసం ఆ జవాబు విన్నాక రాద్దాం.