ఆరు డాలర్లను ఎనభై అయిదుతో గుణించకండి



ఈసారి బులెటిన్ కొంచెం పొడుగు. డ్యూటీ దిగాక నిదానంగా చదవండి. మధ్యలో కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదవండి.

మొన్న టెక్సాస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో రాత్రి డ్యూటీ. రోజుకు 12 గంటలు, వారానికి 6 రోజులు. గంటకు 6 డాలర్లు, చేతికి క్యాష్. పేస్లిప్ లేదు, కాగితం మీద ఎక్కడా పేరు లేదు. "అన్నా, ఓనర్ మనోడే. గంటకు ఆరంటే మన రూపాయల్లో 510. ఊళ్లో మా నాయన రోజంతా ఎండలో చేస్తే అంత వస్తదో రాదో. ఇంకా పెంచమంటే తప్పయితదా?" అన్నాడు.

చూడండి ఎట్లా ఉందో. జేబు కొట్టినోడు దర్జాగా కూర్చున్నాడు. పోగొట్టుకున్నోడు "తప్పయితదా" అని భయపడుతున్నాడు. ఈ తమ్ముడి నోరు కట్టేసింది ఒక గుణకారం. డాలర్ ఇంటు ఎనభై అయిదు. రేటు రోజూ మారుతుంది, లెక్క సులువు కోసం 85 పెట్టుకుందాం. ఈ గుణకారం మీదే నా గొడవంతా.

*జీతం రూపాయల్లో, ఖర్చు డాలర్లలో?*

మనం గది అద్దె కట్టేది డాలర్లలో. బియ్యం బస్తా కొనేది డాలర్లలో. పన్ను నొప్పి వస్తే డాక్టరుకు కట్టేది డాలర్లలో, అదీ కళ్లు తిరిగేటన్ని. అన్నీ డాలర్లలో కట్టి, జీతం ఒక్కటే రూపాయల్లో ఎందుకు చూసుకుంటున్నాం?

ఓనర్ పెట్రోలు అమ్మేటప్పుడు రూపాయల్లో ఆలోచిస్తాడా? "మా ఊళ్లో టీ పది రూపాయలే" అని కాఫీ కప్పు పన్నెండు సెంట్లకు ఇస్తాడా? అక్కడంతా అమెరికా లెక్కే. మన దగ్గరకు వచ్చేసరికే ఆయనకు 85 గుర్తొస్తుంది, ఊరు గుర్తొస్తుంది, "మనం మనం" అన్న మాట గుర్తొస్తుంది.

*ఏ దేశం నేల ఆ దేశానిదే*

కనీస వేతనం అంటే ఇంటికి నేల లాంటిది. దానికంటే కిందికి దిగితే గొయ్యే. 2025 లెక్కలు చూడండి. ఏడాది లెక్క వారానికి 40 గంటలు, 52 వారాల చొప్పున వేశాం.

– అమెరికా కేంద్ర చట్టం: గంటకు 7.25 డాలర్లు, ఏడాదికి 15,080. టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా, పెన్సిల్వేనియాలో ఇదే నడుస్తోంది.
– వర్జీనియా: గంటకు 12.41, ఏడాదికి సుమారు 25,800 డాలర్లు.
– ఇల్లినాయ్: గంటకు 15, ఏడాదికి 31,200 డాలర్లు.
– కాలిఫోర్నియా, న్యూయార్క్ నగరం: గంటకు 16.50, ఏడాదికి 34,320 డాలర్లు.
– బ్రిటన్, 21 ఏళ్లు దాటినవారికి: గంటకు 12.21 పౌండ్లు, ఏడాదికి సుమారు 25,400 పౌండ్లు.
– ఆస్ట్రేలియా: జూలై నుంచి గంటకు 24.95 ఆస్ట్రేలియా డాలర్లు. అక్కడ వారానికి 38 గంటలే. ఏడాదికి సుమారు 49,300.
– ఖతార్: నెలకు 1,000 రియాల్స్, ఏడాదికి 12,000. యజమాని తిండి, గది ఇవ్వకపోతే తిండికి 300, గదికి 500 అదనంగా ఇవ్వాలి. ఇది 2021 మార్చి నుంచి అమల్లో ఉంది.
– మన దేశం: 2019లో కేంద్రం చెప్పిన జాతీయ కనీస స్థాయి రోజుకు 178 రూపాయలు. నెలకు 26 రోజులు పని దొరికినా ఏడాదికి 55,536 రూపాయలు.

ఈ పట్టిక చూసి "అబ్బో, ఖతార్ కంటే నేను రాజును" అనుకోకండి. ఖతార్‌లో వెయ్యి రియాల్స్ అంటే సుమారు 275 డాలర్లు, నిజమే. కానీ అక్కడ చట్టం ప్రకారం గది, తిండి బాధ్యత యజమానిది. ఇక్కడ గది మనదే, తిండి మనదే, ఆసుపత్రీ మనదే. "గల్ఫ్‌లో అయితే నీకు ఇందులో నాలుగో వంతు కూడా రాదు" అని ఓనర్ అంటే, "మరి గల్ఫ్ లెక్కనే గదికి, తిండికి కూడా ఇవ్వన్నా" అనండి. అప్పుడు చూడండి ఆయన ముఖం.

ఇంకో సంగతి. అమెరికా ప్రభుత్వమే 2025లో ఒంటరి మనిషికి వేసిన పేదరికం గీత ఏడాదికి 15,650 డాలర్లు. 7.25 చొప్పున ఏడాదంతా ఒక్క రోజు మానకుండా చేసినా వచ్చేది 15,080. అంటే చట్టం ఇచ్చే నేలే గీత కింద ఉంది. 2009 జూలై 24 నుంచి ఇప్పటిదాకా దాన్ని ఒక్క సెంటు పెంచలేదు. టిప్పుల మీద బతికే హోటల్ పనివాళ్లకు కేంద్ర చట్టంలో గంటకు 2.13 డాలర్లే, అది 1991 నుంచి కదల్లేదు. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే మిగతాది యజమాని ఇవ్వాలి. ఎంతమంది ఇస్తున్నారో మీకే తెలుసు.

అట్లాంటి నేల కిందికి కూడా గొయ్యి తవ్వి మనవాళ్లను 6 డాలర్లకు దింపుతున్నారు.

*గుణకారం చేయాలంటే దీన్ని చేయండి*

ఆ తమ్ముడి లెక్క తీద్దాం. వారానికి 72 గంటలు. అతని చేతికి వచ్చేది 432 డాలర్లు.

చట్టం ప్రకారం రావాల్సింది: మొదటి 40 గంటలకు 7.25 చొప్పున 290. మిగతా 32 గంటలు ఓవర్‌టైమ్, ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 10.87 పైచిలుకు. అది 348. మొత్తం 638 డాలర్లు.

తేడా వారానికి 206. ఏడాదికి 10,712 డాలర్లు. ఇప్పుడు దీన్ని 85తో గుణించండి. తొమ్మిది లక్షల పది వేల రూపాయలు! "మనోడే" అన్న మనిషి, గుడికి చందా రాసే మనిషి, పండక్కి బిర్యానీ పెట్టే మనిషి, ఒక్క పిల్లవాడి దగ్గర ఏడాదిలో తిన్నది అంత. ఇద్దరిని పెట్టుకుంటే పద్దెనిమిది లక్షలు. ఆ బిర్యానీ ఎవరి డబ్బుతో వండారో ఇప్పుడు చెప్పండి.

*"కాగితాలు లేవు కదా" అంటే*

ఓనర్ల చేతిలో పెద్ద కర్ర ఇదే. నిజం తెలుసుకోండి. ఇక్కడి కనీస వేతన చట్టం 1938లో గంటకు 25 సెంట్లతో మొదలైంది. కార్మికుడి వీసా ఏమిటన్నది దానికి అక్కర్లేదు. మన దేశం నుంచి విజిటర్ వీసా మీద వచ్చి గడువు దాటి ఉండిపోయిన పటేల్ అనే కార్మికుడు అలబామాలో ఒక మోటల్‌లో పనిచేశాడు. కనీస వేతనం, ఓవర్‌టైమ్ రాలేదని కోర్టుకు వెళ్లాడు. కింది కోర్టు కొట్టేసింది. 1988లో 11వ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. కాగితాలు లేకపోయినా ఈ చట్టం కింద కార్మికుడు కార్మికుడే అంది. అట్లా కాదంటే ఓనర్లు చౌకగా దొరుకుతారని కాగితాలు లేనివాళ్లనే వెతికి పెట్టుకుంటారని కూడా అంది. మన గ్యాస్ స్టేషన్లను చూసి రాసినట్టే లేదూ?

అబద్ధం మాత్రం చెప్పను. ఈ చట్టం జీతాన్ని కాపాడుతుంది, వీసాను కాపాడదు. స్టూడెంట్ వీసా మీద బయట క్యాష్ పని చేస్తే వీసాకు ప్రమాదమే. ఆ ప్రమాదం మీది. జీతం ఎగ్గొట్టిన తప్పు ఓనర్‌ది. రెండూ వేర్వేరు. మీ ప్రమాదాన్ని అడ్డం పెట్టి తన తప్పును దాచుకునే హక్కు ఆయనకు లేదు. ఫిర్యాదు చేసినందుకు పని తీసేయడం, బెదిరించడం కూడా చట్టవిరుద్ధం. అయినా అడుగు వేసేముందు ఒక లాయర్‌తో మాట్లాడండి. ధైర్యం వేరు, తొందరపాటు వేరు.

ఇళ్లల్లో వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి ఉంటున్న అక్కలకూ ఇదే మాట. ఇంట్లో పని అయినా పనే. ఆ ఇంట్లోనే ఉండేవాళ్లకు కేంద్ర చట్టంలో ఓవర్‌టైమ్ లేకపోవచ్చు గానీ, చేసిన ప్రతి గంటకూ కనీస వేతనం రావాలి. "గది ఇచ్చాం, తిండి పెట్టాం" అంటే దాని అసలు ఖర్చు మేరకే లెక్కలో వేసుకోవచ్చు. మీ మీద లాభం వేసుకోకూడదు.

*"ఆ పని కూడా లేకపోతే ఏం తింటావు?"*

ఈ మాట మన రూముల్లో మనవాళ్లే అంటారు. ఊళ్లో అప్పు ఉంది, నెల నెలా వడ్డీ పోవాలి, ఆరో ఏడో వస్తే చాలని. ఆ బాధ నాకు తెలియంది కాదు. ఆకలితో ఒప్పుకున్నవాణ్ణి నేను తప్పు పట్టను. కానీ ఒకడు 6కు ఒప్పుకుంటే పక్కవాడికి 7.25 ఇచ్చేవాడు ఉండడు. రేపు ఇంకొకడు 5కు వస్తాడు. అప్పుడు మన 6 కూడా పోతుంది.

గల్ఫ్ అన్నలను గుర్తు చేసుకోండి. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తక్కువకు ఒప్పుకుంటేనే ఉద్యోగాలు నిలుస్తాయన్నారు, అచ్చం మన రూముల్లో మాటే. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల సంఘాలు ఊరుకోలేదు. రోడ్డెక్కాయి, హైకోర్టుకు వెళ్లాయి. 2021 జూలైలో ప్రభుత్వం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. ఇక్కడ కూడా 2012లో న్యూయార్క్‌లో బర్గర్ షాపుల పనివాళ్లు గంటకు 15 డాలర్లు అడిగితే జనం నవ్వారు. నాలుగేళ్లకే న్యూయార్క్, కాలిఫోర్నియా ఆ దారిలో చట్టాలు చేశాయి. అడిగినవాళ్లకే పెరిగింది.

*ఇవాళే చేయాల్సింది*

1. ఒక నోట్‌బుక్ కొనండి. ఏ రోజు ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు, చేతికి ఎంత వచ్చింది రాయండి. యజమాని రికార్డు పెట్టకపోతే కార్మికుడు చూపే సబబైన లెక్కకు విలువ ఉంటుందని అమెరికా సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది.
2. డ్యూటీ షెడ్యూల్ ఫొటో తీసుకోండి. ఓనర్ పంపిన మెసేజ్‌లు చెరపకండి.
3. ఆలస్యం చేయకండి. కేంద్ర చట్టంలో రెండేళ్ల బకాయి వరకే అడగొచ్చు, కావాలని ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లు. బకాయికి సమానంగా మరో అంత పరిహారం కూడా కోరవచ్చు.
4. కేంద్ర లేబర్ డిపార్ట్‌మెంట్ వేతనాల విభాగం ఫోన్: 1-866-487-9243. మీ రాష్ట్రంలో రేటు ఎక్కువ ఉంటే ఆ ఎక్కువ రేటే మీకు వర్తిస్తుంది.

ఆ టెక్సాస్ తమ్ముడికి ఇదే చెప్పాను. "తప్పు నీది కాదురా. ముందు నోట్‌బుక్ కొనుక్కో" అన్నాను. నిన్న పొద్దున డ్యూటీ దిగి ఫొటో పంపాడు. మొదటి పేజీలో ఒకే వరుస: రాత్రి 7 నుంచి పొద్దున 7, పన్నెండు గంటలు, 72 డాలర్లు. పక్కన రూపాయల లెక్క రాయలేదు.

ఈ మెసేజ్ మీ రూములో ఉన్నవాళ్లకు, కొత్తగా దిగినవాళ్లకు పంపండి. మాకు రాయాలంటే గ్రూపులో కాదు, అడ్మిన్‌కు విడిగా రాయండి. పేరు బయటికి రాదు.