‘కొంచెం ఓర్చుకో’ అంటే సరిపోదు.. గంట ముందే నొప్పి గోలీ ఇవ్వాలి!

"ఐదు నిమిషాల పనే.. కొంచెం ఓర్చుకో తల్లీ." కాపర్-టీ వేసేటప్పుడు, గర్భసంచిలోంచి బయాప్సీ ముక్క తీసేటప్పుడు ఆడవాళ్లకు తరచూ వినిపించే మాట ఇది. అడ్మిట్ అవ్వక్కర్లేదు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. కానీ ఆ ఐదు నిమిషాలు కొందరికి నరకమే. మరి ముందే ఒక నొప్పి గోలీ ఇస్తే?

గోలీ ఎప్పుడు పనిచేస్తుంది?

గర్భసంచిని పరికరం తాకితే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. పొత్తికడుపు మెలిపెట్టడానికి అవీ ఒక కారణం. ఐబుప్రోఫెన్ లాంటి గోలీలు వాటి తయారీని అడ్డుకుంటాయి. అయితే మింగగానే కాదు, దాదాపు గంట పడుతుంది. టేబుల్ ఎక్కాక ఇస్తే లాభం లేదు.

అందుకే గర్భసంచి లోపల కెమెరాతో చూసే హిస్టెరోస్కోపీకి సుమారు గంట ముందు గోలీ వేసుకోవాలని బ్రిటన్ గైనకాలజిస్టుల రాయల్ కాలేజ్ 2011లోనే సూచించింది. అబార్షన్ ప్రొసీజర్లలో నొప్పి మందు తప్పనిసరిగా ఇవ్వజూపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అన్నింటికీ గోలీ చాలదు

కాపర్-టీ వేసే క్షణంలో ఐబుప్రోఫెన్ పెద్దగా పనిచేయదని పరీక్షల్లో తేలింది. అమెరికా సీడీసీ 2024లో లిడోకైన్ మత్తుమందును పరిశీలించాలని, నొప్పి గురించి ముందే మాట్లాడాలని సూచించింది.

ఏజెన్సీలో చిక్కు టైమ్‌తోనే!

చర్ల నుంచి భద్రాచలం 50 కిలోమీటర్ల పైనే. దుమ్ముగూడెం నుంచి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పల్లెల నుంచీ ఇక్కడికే వస్తారు. బస్సు ఎప్పుడొస్తుందో, డాక్టర్ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. "ఇంట్లోనే గంట ముందు వేసుకుని రండి" అనే పట్నం సలహా ఇక్కడ కుదరదు.

కానీ ఓపీ లైన్లో కూర్చునే టైమ్ ఉంది కదా! చీటీ రాసినప్పుడే నర్సు నాలుగు ప్రశ్నలు అడిగి, ఏదైనా తిన్నాక గోలీ ఇస్తే ఆ ఎదురుచూపే పనికొస్తుంది. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ రెండూ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. ఖర్చు పెద్దది కాదు. ఎవరు, ఎప్పుడు ఇవ్వాలన్నదే తేలాలి.

కోయ భాష మాత్రమే వచ్చిన మహిళకు ఏం చేస్తారో, ఎంత నొప్పి ఉంటుందో ఆమె భాషలోనే చెప్పాలి. ఒకసారి భయపడితే మళ్లీ రాదు. క్యాన్సర్ అనుమానంతో చేయాల్సిన బయాప్సీ ఆగితే ప్రాణానికే ముప్పు.

వీళ్లు జాగ్రత్త

కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, మందుల అలర్జీ ఉన్నా, గర్భం అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. జ్వరం ఉంటే మరీ ముఖ్యం. అది డెంగీ అయితే ఐబుప్రోఫెన్‌తో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అలాంటప్పుడు పారాసెటమాల్ సరిపోతుందా అన్నది డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోవద్దు.

"నొప్పి తగ్గడానికి ముందు ఏం ఇస్తారు?" అని అడగండి. మధ్యలో భరించలేకపోతే "ఆపండి" అనండి. అది మీ హక్కు.