గుర్రాలకు మర్దన: ముందు పరీక్ష, పిదపే మాలీషు

జట్కా గుర్రాలకు, ఊరేగింపు గుర్రాలకు మాలీషు చేయడం యజమానులకు కొత్త విషయం కాదు. ఖర్చు లేని ఈ పద్ధతికి విస్తరణ శిక్షణలో చోటు కల్పించడం సముచితం. అయితే ఆ పాఠం, మర్దన ఎప్పుడు చేయరాదో చెప్పడంతో ప్రారంభం కావాలి.

గుర్రాలు పరస్పరం మూపును పళ్లతో గీరుకోవడం వాటి సహజ ప్రవర్తన. ఫ్రాన్సులో కమార్గ్ జాతి గుర్రాలపై జరిగి 1993లో ప్రచురితమైన అధ్యయనంలో, మూపు సమీపాన మెడ మొదట చేతితో గీరినప్పుడు గుండె స్పందన రేటు తగ్గినట్లు తేలింది. అంతేగాక, నిత్యం ఒంటిని తడిమే చేతికి జీను ఒరిపిడి, వాపు, వేడి తొలిదశలోనే తెలుస్తాయి.

మర్దనకు ముందు ఉష్ణోగ్రత చూడాలి. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి అది 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, పుండ్లు గాని ఆకస్మిక కుంటు గాని ఉన్నా మర్దన తగదు. పని చేసిన పిదప కండరాలు బిగుసుకుని, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది కండరాలు దెబ్బతిన్నాయనడానికి సూచన. రుద్దడం మాని వెంటనే పశువైద్యుని పిలవాలి. చర్మంపై వరుసగా గడ్డలు, పుండ్లు కనిపిస్తే గ్లాండర్స్ వ్యాధిని అనుమానించాలి. ఇది మనుషులకూ సోకుతుంది. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం దీని సమాచారాన్ని అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. అట్టి గుర్రాన్ని ఉత్త చేతులతో తాకరాదు.

ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి భుజం పక్కన నిలబడి, కండరాలపైనే, తేలికగా మొదలుపెట్టి మర్దించాలి; వెన్నెముకపై ఒత్తరాదు. చెవులు వెనక్కి వాల్చినా, తోక విసిరినా ఆపాలి. థర్మామీటరు వాడకం నేర్పకుండా మర్దన నేర్పే శిక్షణ అసంపూర్ణమే.