ఎవరి మాట ఎవరిదిగా: విజ్ఞాన సర్వస్వంలో బళ్లారి

తెలుగు నాటకరంగ చరిత్రలోని కొన్ని ముఖ్యమైన అధ్యాయాలు ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్లారి పట్టణంలో నడిచాయన్న సంగతి, 1953 తర్వాత పుట్టిన తరాలకు పుస్తకాల ద్వారానే తెలియవలసి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రానికి చెందాయి. సరసవినోదినీ సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), సుమనోరమ సభకు ప్రాణమైన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919), ఆ ఇద్దరి తర్వాతి తరంలో వెలుగులోకి వచ్చిన బళ్లారి రాఘవ, ముగ్గురూ ఆ ఊళ్లో న్యాయవాదులే, ముగ్గురూ తెలుగు రంగస్థలాన్ని మలిచినవారే. వారి గురించి ఈనాడు తెలుసుకోగోరే విద్యార్థికి అంతర్జాలంలో మొదట ఎదురయ్యేది తెలుగు వికీపీడియా వ్యాసం. చాలామందికి ఆఖరుగా చదివేది కూడా అదే. కనుక ఆ వ్యాసం ఎలా రాశారన్నది కేవలం నియమాల గొడవ కాదు, సరిహద్దు జిల్లా తెలుగు జ్ఞాపకానికి సంబంధించిన విషయం.

2003 డిసెంబరులో మొదలై లక్షకు పైగా వ్యాసాలకు పెరిగిన తెలుగు వికీపీడియా, ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, అది పూర్తికాకముందే 1923లో కన్నుమూశారు. ఆ గ్రంథంలోని మాటకు ఆయన పాండిత్యమే పూచీ. వికీపీడియాలో రాసేవారి పాండిత్యం ఎవరికీ తెలియదు కనుక, అక్కడ పూచీ పడేది మూలం, అంటే ఆ సంగతిని ఇదివరకే ప్రచురించిన, రచయితతో సంబంధం లేని, నమ్మదగిన పుస్తకమో పత్రికో. మూలం ఏదో పాఠకుడికి కనబడకపోతే ఆ కట్టడమంతా గాలిలో నిలిచినట్టే.

ఈ దృష్టితో చూస్తే కాపీ, స్వోత్కర్ష రెండూ వేర్వేరు తప్పులు కావు. కాపీ కొట్టినవాడు పరుల మాటను తన మాటగా చూపుతాడు. సొంత డబ్బా కొట్టుకునేవాడు తన మాటను లోకం మాటగా చూపుతాడు. రెండింటిలోనూ మాట ఎక్కడినుంచి వచ్చిందన్న నిజమే మరుగున పడుతుంది.

కాపీ విషయంలో మన అలంకారశాస్త్రం ఎప్పుడో ఆలోచించింది. పదో శతాబ్దపు రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణం, అర్థహరణం అని విడదీసి, ఏది ఎంతవరకు సమ్మతమో చర్చించాడు. నేటి కాపీహక్కుల చట్టంలోనూ దీనికి దగ్గరి విభజన ఉంది: సంగతులు ఎవరి సొత్తూ కావు, వాటిని చెప్పిన తీరు మాత్రం చెప్పినవారిది. అయితే తీరు అంటే పదాలు మాత్రమే కాదని గుర్తించకపోవడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. ఉదాహరణకు ఏదో జయంతి ప్రత్యేక సంచికలో, తాడిపత్రిలో పుట్టినా బళ్లారి గడ్డ మీద నటనకు ప్రాణం పోసి దేశదేశాల్లో తెలుగువారి కీర్తిపతాకను ఎగురవేసిన మహానటుడు రాఘవ, అన్న తరహా వాక్యం ఉందనుకుంటే, దానిలో కీర్తిపతాకను యశఃకేతనంగా, మహానటుణ్ని నటశేఖరుడిగా మార్చినంత మాత్రాన అది కొత్త వాక్యం కాదు. ఎముకల గూడు పాతదే, పొగడ్తా పాతదే. విజ్ఞాన సర్వస్వానికి ఆ వాక్యంలో పనికొచ్చే సరుకు ఎంతో విడదీసి చూడాలి. రాఘవ 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించాడు, బళ్లారిలో న్యాయవాదిగా పనిచేస్తూ నాటకాలు ఆడాడు, 1946 ఏప్రిల్ 16న మరణించాడు అన్నవి నిలుస్తాయి, ఒక్కొక్కదానికి మూలం చూపవచ్చు. దేశదేశాల్లో అన్న మాట ఏ దేశం, ఏ సంవత్సరం, ఏ నాటకం అన్న వివరాలుగా విడిపోవాలి. వివరం దొరకకపోతే ఆ మాట పోవాలి. ఒకటికి నాలుగు పుస్తకాలు చదివి, అన్నీ మూసి, గుర్తున్న సంగతులను తన వరుసలో రాసి, ఆ తర్వాత తేదీలు సరిచూసుకునే పద్ధతి నిదానమైనదే కానీ కాపీ నుంచి కాపాడేది అదొక్కటే.

భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లపాటు ఆయన రచన మీద హక్కులు ఉంటాయి. ధర్మవరం, కోలాచలం నాటకాలకు ఆ గడువు ఎన్నడో తీరింది కాబట్టి వాటిని యథాతథంగా అందరికీ అందించవచ్చు. కానీ దానికి తగిన చోటు పూర్తి గ్రంథాలను భద్రపరిచే వికీసోర్స్ తప్ప వికీపీడియా వ్యాసం కాదు; హక్కులు తీరిన పుస్తకం నుంచి తీసుకున్నా, తీసుకున్నామని చెప్పవలసిన బాధ్యత తీరదు. బళ్లారి వంటి ద్విభాషా ప్రాంతంలో మరొక చిక్కు ఉంది. కన్నడం, తెలుగు రెండూ ధారాళంగా వచ్చినవారికి, కన్నడ పుస్తకంలోని అధ్యాయాన్ని తెలుగు చేసి పెడితే కాపీ కాదనిపిస్తుంది. అనువాదానికి అనుమతి ఇచ్చే హక్కు కూడా మూల రచయితదే. కన్నడ వికీపీడియా వ్యాసాన్ని మాత్రం దాని స్వేచ్ఛా లైసెన్సు వల్ల అనువదించవచ్చు, అదీ ఏ వ్యాసం నుంచి తెచ్చారో మార్పుల సారాంశంలో రాసినప్పుడే.

స్వోత్కర్ష సంగతి మరింత సున్నితమైనది, ఎందుకంటే అది తరచుగా అభిమానం నుంచే పుడుతుంది. మన ప్రబంధ కవులు తమను తాము పొగుడుకోలేదా అన్న ప్రశ్నకు జవాబు ప్రబంధాల్లోనే ఉంది. 2021 వరకు బళ్లారి జిల్లాలోనే ఉన్న హంపీ విజయనగరంలో కావ్యాలు వెలసిన కాలంలో, కవి తన వంశం, కృతిభర్త వైభవం అవతారికలో చెప్పుకునేవాడు. తన పేరూ తండ్రి పేరూ ఆశ్వాసాంత గద్యలో ప్రకటించేవాడు. అది కవి తానే చెబుతున్న మాట అని పాఠకుడికి తెలుసు కనుక అందులో మోసం లేదు. వికీపీడియాలో అవతారిక వంటి చోటు వాడుకరి పేజీ. రాసేవారు తామెవరో, దేనిపట్ల ఆసక్తి ఉందో అక్కడ చెప్పుకోవచ్చు. వ్యాసం మాత్రం ఎవరి అవతారికా కాదు. ధర్మవరం మీద వ్యాసం ఆయన మేనల్లుడైన రాఘవ రాయవలసి వచ్చినా, బంధుత్వం ప్రకటించి, తనకు తెలిసిన సంగతులను మూలాలతో చర్చ పేజీలో ఉంచి, వ్యాసంలో చేర్చే పని ఇతరులకు వదలడమే ఆ పద్ధతి కోరే మర్యాద. డబ్బు తీసుకుని రాసేవారు ఆ సంగతిని వెల్లడించి తీరాలని 2014 నుంచి వికీమీడియా వాడుక నియమాలే చెబుతున్నాయి. బిరుదుల విషయంలోనూ ఇంతే: ఆంధ్ర నాటక పితామహుడు అన్న బిరుదును వ్యాసకర్త తన నోటితో పలకకూడదు, ధర్మవరాన్ని అలా పిలుస్తారని మూలం చూపి చెప్పాలి. గారు, శ్రీ తీసివేసి ఏకవచనంలో రాసే తెలుగు వికీపీడియా ఆచారం బంధువులకు నొప్పి కలిగించేదే, అయినా రాజుకూ నటుడికీ ఒకే కొలత పాటించడంలో అవమానం లేదు.

వ్యక్తుల గొప్పే కాదు, ఊరి గొప్ప, భాష గొప్ప కూడా ఇదే కోవలోకి వస్తాయి. బళ్లారి ఎవరిదన్న 1953 నాటి వివాదంలో ఇరువైపులా ఆవేశాలు రగిలాయి. ఆ ఆవేశంతో రాస్తే తెలుగు వ్యాసంలో కన్నడిగులు, కన్నడ వ్యాసంలో తెలుగువారు కనుమరుగవుతారు. రాఘవ కన్నడంలోనూ నటించాడన్న వాక్యం తెలుగు వ్యాసానికి లోటు కాదు, నిండుదనం.

మూలాలు లేవన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. బళ్లారి సభల్లో చిన్న పాత్రలు ధరించినవారు, తెరలు రాసినవారు, హార్మోనియం వాయించినవారి గురించి అచ్చయినది బహు తక్కువ, కుటుంబాల్లో మిగిలింది ఫొటోలు, కరపత్రాలు, నోటిమాటలు. వాటిని నేరుగా విజ్ఞాన సర్వస్వంలోకి ఎక్కించడం కుదరదు, అది మౌలిక పరిశోధన అవుతుంది; అంటే ఎవరూ పరిశీలించి ప్రచురించని సంగతిని తొలిసారి అక్కడే చెప్పడం. ఆ పరిశోధనకు తగిన చోటు సాహిత్య పత్రిక. ఇక్కడ వ్యాసకర్త పేరు పైనే ఉంటుంది, అభిమానానికి చోటుంటుంది, తాతగారి గురించి మనవడు సగర్వంగా రాయవచ్చు, సంపాదకుడు కరపత్రం మీది తేదీని సరిచూడవచ్చు, విభేదించేవారు వచ్చే సంచికలో జవాబు ఇవ్వవచ్చు. అలా అచ్చయిన వ్యాసాన్ని ఆ కుటుంబంతో సంబంధం లేని మరొకరు చదివి, అందులో నిలిచే సంగతులను తమ మాటల్లో వికీపీడియాకు చేర్చి, పత్రిక పేరు, సంచిక, పుట కింద ఉదహరిస్తారు. బళ్లారి, సిరుగుప్ప, ఆదోని, రాయదుర్గం ఇళ్లలోని పాత కరపత్రాలను వెలికితీసి వ్యాసాలు రాయించే పని తెలుగు పత్రికలు ఇప్పటికైనా చేపట్టాలి.