ముందు నేలకు కప్పు, ఆ తర్వాతే దుక్కికి సెలవు
నల్లగొండ, పాలమూరు ఎర్ర చెల్కల రైతులకు విన్నపం



ఈ కాగితం చదివేముందు ఒక చిన్న పని చేయండి. మీ చెల్కలోంచి కోడిగుడ్డంత ఎండు మట్టిగడ్డ ఒకటి తీయండి. ఏళ్ల తరబడి నాగలి తగలని గట్టు మీద, గడ్డి మొదట్లోంచి అంతే గడ్డ మరొకటి తీయండి. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వదలండి. చెల్కలోని గడ్డ చూస్తుండగానే విచ్చిపోయి నీళ్లు ఎర్రబడతాయి. గట్టు మీది గడ్డ చాలాసేపు నిలబడుతుంది. రెండూ ఒకే మన్ను, రెంటి మీదా ఒకే వాన పడింది. కానీ ఒకదాన్ని ఏటా నాలుగైదు సార్లు తిరగేసి, మోళ్లూ చెత్తా ఏరి తగలబెట్టాం. రెండోదాన్ని గడ్డి వేళ్లు, వానపాములు కాపాడాయి.

గ్లాసులో జరిగిందే తొలకరిలో చేనులోనూ జరుగుతుంది. మన ఎర్ర నేలల్లో బంకమన్ను తక్కువ, సేంద్రియ కర్బనం చాలాచోట్ల అర శాతం కూడా లేదు. ఉత్త నేల మీద పెద్ద చినుకు పడితే మట్టిగడ్డ పగిలి, సన్నటి మన్ను రంధ్రాలను పూడ్చేస్తుంది. రెండు రోజులు ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. కింద మొలకెత్తిన ఆముదం, జొన్న ఆ పెచ్చును చీల్చుకుని రాలేక చస్తాయి. ఆ తర్వాత పడ్డ వాన ఇంకక వాగు పాలవుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్ల నీళ్లు. ఒక్క గట్టి వానలో 20 మిల్లీమీటర్లు పారిపోతే 80 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 16. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్లు పడే మన జిల్లాల్లో ఇంత నీటిని వదులుకుంటూ, దాని కోసమే మళ్లీ బోర్లు వేసి అప్పులపాలవుతున్నాం.

దీనికి మందుగా ఇప్పుడు చాలామంది ‘దున్నకుండా సాగు’ చెబుతున్నారు. బ్రెజిల్ రైతులు 1970లలో చేపట్టిన, ప్రపంచమంతా కోట్ల ఎకరాలకు పాకిన పద్ధతి అది. మేమూ అటే నడవాలంటున్నాం. కానీ ట్రాక్టరును ఇంటి ముందు నిలిపేసి ఉత్త చెల్కలో గింజ వేయమని మీతో అనం. అలా చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే.

ఎందుకో మన దగ్గరి పరిశోధనే చెబుతుంది. హైదరాబాద్ పక్కన హయత్‌నగర్‌లో, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) క్షేత్రంలో, మన చెల్కల్లాంటి ఎర్ర నేలల్లోనే జొన్న, ఆముదం మార్చి మార్చి వేస్తూ ఏళ్ల తరబడి దుక్కిని పరీక్షించారు. దుక్కి తగ్గించిన మళ్లలో దిగుబడి మామూలు దుక్కి మళ్ల కంటే తగ్గింది. నేల గట్టిపడటం, కలుపు ఎక్కువవడం అందుకు కారణాలు. అయితే అదే పరీక్షలో గిరిపుష్పం రెమ్మలు వేసిన మళ్లలో నేల గుణం మెరుగుపడింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో ఎర్ర నేలల మీద జరిగిన పరీక్షలూ ఇదే దారి చూపాయి. దుక్కి వల్ల నీరు ఇంకడం తొలి వానల వరకే, ఆ తర్వాత నేల మళ్లీ మూసుకుపోతుంది. గడ్డి కప్పిన మళ్లలో మాత్రం పారే నీరు తగ్గింది. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం 63 దేశాల పరీక్షలను ఒక్కచోట చేర్చి లెక్క కట్టింది. దుక్కి మానడం వల్ల మొత్తం మీద దిగుబడి సుమారు 6 శాతం తగ్గింది. కానీ వానాధార పొడి ప్రాంతాల్లో పంట మార్పిడి చేసి, పంట చెత్తను నేల మీదే ఉంచినచోట సుమారు 7 శాతం పెరిగింది. మన జిల్లాలూ అలాంటి పొడి ప్రాంతాలే. అక్కడ గెలిపించినవి చెత్త కప్పూ, పంట మార్పిడీ.

అందుకే మా మొదటి మాట దుక్కి గురించి కాదు, అగ్గి గురించి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి కోత మిషన్ వెళ్లగానే కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నాం. పత్తి చేన్లలో కట్టెను కుప్పేసి కాలుస్తున్నాం. టన్ను వరిగడ్డిలో 5 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది, పొటాష్ అంతకంటే చాలా ఎక్కువ. ఆ నత్రజని పొగై పోతుంది, మనం మాత్రం యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడతాం.

కాలువ కింద ఉన్నవాళ్లు దున్నకుండా సాగును ముందుగా మొదలుపెట్టొచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందే నిలిచి ఉన్న చేనులో మినుములు, పెసలు చల్లడం తాతల నాటి పద్ధతి. గుంటూరు, కృష్ణా రైతులు వరి కోసిన మడిలో తాడు పట్టి రంధ్రాలు చేసి మొక్కజొన్న గింజలు వేస్తున్నారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, జూరాల కింద మనం ఎందుకు చేయకూడదు? ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఎర్ర నేల మడి ఆరితే రాయిలా బిగుస్తుంది కాబట్టి పదును ఉండగానే గింజ పడాలి.

మెట్ట చెల్కలో మెల్లగా పోదాం. పొడి నేలలో రోటవేటర్ తిప్పడం ఈ ఏడే ఆపండి, అది మన్నును పిండి చేసి వానకు అప్పజెబుతుంది. వాలుకు అడ్డంగా ఒక్క దుక్కి ఉంచుకోండి. కందిలో బొబ్బర్లో ఉలవలో వేసి నేల మూయండి. పత్తి కట్టెను ముక్కలు చేసి సాళ్ల మధ్య పరవండి. గట్ల మీద గిరిపుష్పం, కానుగ పెంచి రెమ్మలు కోసి వేయండి. రెండు మూడేళ్లకు నేల మెత్తబడ్డాక, గింజ పడే సాలు మాత్రమే గీసి మిగతాది వదిలేయండి.

“చొప్పంతా చేనులో వేస్తే గొడ్లు ఏం తినాలె?” అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పాలిచ్చే బర్రె ముందు నుంచి మేత లాక్కోమని ఎవరూ చెప్పలేరు. చొప్ప గొడ్లకే ఇవ్వండి, గొడ్డు తినని పత్తి కట్టె, కంది కట్టె, ఆముదం మోళ్లు, గట్ల మీది రొట్ట నేలకివ్వండి. యాసంగి కోత తర్వాత మేకలు, గొర్రెలు ఏ చేను మీద పడాలో, ఏది వదలాలో ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి. గొల్ల కుర్మలను పక్కనబెట్టి ఈ నిర్ణయం చేయొద్దు. ఇక కలుపు. దుక్కి తగ్గితే కలుపు పెరుగుతుంది, ఆ భారం ఆడవాళ్ల నడుం మీదే పడుతుంది. దానికి జవాబుగా గడ్డిమందు డబ్బాలు పెంచడాన్ని మేం ఒప్పుకోం. నేల ఎంత బాగా కప్పితే కలుపు అంత తగ్గుతుంది. కూలి పెరిగితే ఎంత పెరిగిందో కూడా లెక్కలో రాయాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. మన రెండు పాత జిల్లాల్లోని ప్రతి వేదిక కింద ఒక ఎకరం రైతు పొలంలో దుక్కి మడి, దుక్కి లేని మడి, కప్పిన మడి, కప్పని మడి పక్కపక్కనే మూడేళ్లు నడపాలి. పాలెం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన కేంద్రాల శాస్త్రవేత్తలు వచ్చి కొలవాలి. నష్టం వస్తే ఆ రైతుకు ప్రభుత్వం కట్టివ్వాలి. రోటవేటర్లకు ఇచ్చే రాయితీ కట్టె ముక్కలు చేసే యంత్రాలకూ, చెత్తలోనే గింజ వేసే గొర్రులకూ ఇవ్వాలి. పంజాబ్ రైతుకు వరిగడ్డిలోనే గోధుమ విత్తే యంత్రం అందింది, మన ఎర్ర నేలకు తగిన గొర్రు తయారుచేయడం అసాధ్యమేమీ కాదు.

అంతవరకు ఆగకండి. ఏరువాక పున్నమికి ముందే మీ చేనులో పది గుంటలు గీసి వేరు చేయండి. అందులో అగ్గి పెట్టొద్దు, రోటవేటర్ దింపొద్దు, దొరికిన చెత్తంతా పరవండి. ఖర్చు, కూలి, దిగుబడి నోటుబుక్కులో రాయండి. దసరాకు ఆ మడిలోంచి మట్టిగడ్డ తీసి మళ్లీ నీళ్ల గ్లాసులో వేయండి. ఏం కనబడిందో రైతు వేదికకు వచ్చి నలుగురి ముందు చెప్పండి.